కుర్చీ కన్నా ముందు చెంచా సంగతి చూడు

చిరంజీవి నాయనకు, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆఫ్రికాలోని మలావీలో రెండేళ్లు పనిచేయడానికి ఒప్పుకున్నావనీ, అక్కడి పిల్లల చక్రాల కుర్చీలకు చందాలు పోగుచేస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. పోగుచెయ్యి, వద్దనను. కానీ దిగీ దిగగానే పంచకు. మొదటి నెల ఒక్కటే చూడు: బిడ్డకు తిండి ఎవరు పెడుతున్నారు, ఎలా పెడుతున్నారు.

ముందు ఊరిపెద్ద దగ్గరికి వెళ్లు. మ్ఫుము అంటారు. ఆయనకు చెప్పకుండా ఇళ్లలోకి వెళ్తే తర్వాత ఏ తలుపూ తెరుచుకోదు. "వికలాంగులున్నారా?" అని అడిగితే లేరనే అంటారు, ఆ మాటకు కాలో చెయ్యో పోయినవాళ్లే గుర్తొస్తారు. "తన ఈడు పిల్లల కన్నా నడవడానికో, చూడడానికో, వినడానికో, చెప్పింది అర్థం చేసుకోవడానికో కష్టపడే బిడ్డ ఉందా?" అని అడుగు. అప్పుడు పేర్లు బయటికొస్తాయి.

ఇంటికెళ్లేసరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి) ఉన్న బిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. తల్లి పొలానికి పోతే అమ్మమ్మే ఒళ్లో అడ్డంగా వేసుకుని నోట్లో పల్చటి జావ పోస్తుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ ప్రాణం మీదికొచ్చేది అక్కడే. తల వెనక్కి వాలితే జావ గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తింటున్నప్పుడు దగ్గు, తిన్నాక గురగురమనే గొంతు, మాటిమాటికీ న్యుమోనియా, అన్నీ దాని గుర్తులే. ఒళ్లోనే నిటారుగా కూర్చోబెట్టించు. తల నిలువుగా, గడ్డం కాస్త కిందికి. చిన్న చెంచా ఎదురుగా, కింది వైపు నుంచి రావాలి. పైనుంచి తెస్తే బిడ్డ తలెత్తి చూస్తుంది, మెడ మళ్లీ వెనక్కి పోతుంది. ఒక ముద్ద పూర్తిగా మింగాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. జావ చెంచాలోంచి నీళ్లలా కారకుండా ముద్దలా జారేంత చిక్కగా ఉండాలి.

ఇలా పెట్టడానికి అరగంట పైనే పడుతుంది. అంతసేపు కూర్చునే తీరిక ఎవరికుంటుంది? అందుకే ఒక్కో పూట తక్కువ పెట్టి, పూటలు పెంచు. వాళ్లు లికుని ఫాలా అనే మొక్కజొన్న, సోయా జావలో వేరుశనగ పొడి, చెంచాడు నూనె కలిపితే కొద్దిపాటి ముద్దలోనే బలం దొరుకుతుంది. నెలనెలా బరువు రాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు దండ చుట్టుకొలత (భుజానికీ మోచేతికీ నడుమ) 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే ఆరోజే ఆరోగ్య కేంద్రానికి పంపు. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లలో గింజలుండవు. ఆ నెలల్లో నీ డబ్బు కుర్చీకి కాదు, పిండికి పెట్టు.

ఆ తర్వాతే కూర్చోబెట్టే సంగతి. అట్టపెట్టెలతో, పాత కాగితాలతో కుర్చీలు కట్టే పద్ధతి జింబాబ్వేలో మొదలై ఆ చుట్టుపక్కలంతా పాకింది. మన దగ్గర సినిమా పోస్టర్లంటించే మైదా లై ఉంటుంది చూడు, అదే జిగురు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి, గంజిలా చిక్కబడేదాకా తిప్పాలి. అట్టలు మూడు నాలుగు పొరలు, ఒక పొర గీతలు నిలువుగా, తర్వాతి పొరవి అడ్డంగా పెట్టి అంటించి, పైన బరువు పెట్టాలి. ముక్కలు కోసి జోడించాక అతుకుల మీద కాగితపు పట్టీలు నాలుగైదు వరుసలు. తొందరపడితే లోపల తడి నిలిచి బూజు పడుతుంది, కుర్చీ మెత్తబడి కూలుతుంది. మే నుంచి సెప్టెంబరు లోపు చెయ్యి. నవంబరులో వానలొచ్చాక మొదలుపెట్టకు. చివర వార్నిష్ రెండు పూతలు వెయ్యకపోతే లై వాసనకు ఎలుకలు కొరికేస్తాయి. బిడ్డ కంటే ముందు నువ్వు కూర్చుని చూడు.

కొలతలు: తుంటి వెడల్పుకు రెండు సెంటీమీటర్లు కలుపు. వీపు నుంచి మోకాలి మడత దాకా కొలిచి రెండు మూడు తగ్గించు. మోకాలి నుంచి మడమ దాకా ఎంతుందో, పాదాలు ఆనే చోటు నుంచి కూర్చునే పలక ఎత్తు అంతే. పాదాలు వేలాడకూడదు. "పెరిగే బిడ్డే కదా" అని పెద్దది చేస్తే కిందికి జారిపోయి వెన్ను వంకర తిరుగుతుంది. మొదట్లో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి తుంటి, వీపు చూడు. ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే అక్కడ మెత్త చాలదన్నమాట.

చక్రాల కుర్చీ కొనాల్సి వస్తే ఆసుపత్రి రకం తీసుకోకు. ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో దిగబడతాయి. అక్కడ సైకిల్ టాక్సీని కబాజా అంటారు. ఆ సైకిళ్ల టైరు, ట్యూబు సైజు సరిపోయేదైతే ఊళ్లోనే పంక్చరు వేస్తారు.

మూర్ఛ ఉన్న బిడ్డకు ఫెనోబార్బిటాల్ లాంటి మాత్ర ఒక్కరోజులో ఆపితే మూర్ఛలు ఆగకుండా రావచ్చు. ఆరోగ్య కేంద్రంలో మందు అయిపోతుంటుంది కాబట్టి రెండు వారాలది ఇంట్లో మిగులు ఉంచు. నురగ తగిలితే మూర్ఛ అంటుకుంటుందని భయపడి పక్కవాళ్లు ముట్టుకోరు. నలుగురి ఎదుటా నువ్వే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టు. మూడు రాళ్ల పొయ్యి చుట్టూ మట్టితో గట్టు కట్టించు, మూర్ఛొచ్చి పడితే కాలే గాయాలు ఎక్కువ అక్కడే.

ప్రాథమిక బడి ఫీజు 1994 నుంచీ లేదు. ఒకటో తరగతిలోనే వందకు పైగా పిల్లలు ఉండే బళ్లున్నాయి. టీచరమ్మకు ఉపన్యాసం ఇవ్వకు. బిడ్డ ఎక్కడ కూర్చోవాలో, పక్కన ఎవరుండాలో ఆవిడతో కలిసి తేల్చు. బడి మానిపించేది పాఠం కాదు, మరుగుదొడ్డి. తలుపు 90 సెంటీమీటర్లు, లోపల పట్టుకోవడానికి కర్ర, గుంట మీద చెక్క పీట ఉండాలి. 15 సెంటీమీటర్ల ఎత్తు గడపకు 180 సెంటీమీటర్ల పొడవు వాలు కట్టాలి. మేస్త్రీ సగమే కడతాడు, టేపు పట్టుకుని పక్కనే నిలబడు.

అల్బినిజం (పుట్టుకతోనే ఒళ్లూ జుట్టూ తెల్లగా ఉండి చూపు తక్కువగా ఉండడం) ఉన్న పిల్లలకు బ్రెయిలీ అంటగట్టకు. చాలామంది దగ్గరగా పెట్టుకుంటే అచ్చు చదవగలరు. కిటికీకి ఎదురుగా కాకుండా ముందు వరుసలో చోటు, వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల చొక్కా. 2014 తర్వాత వాళ్ల మీద ఎన్ని దాడులు జరిగాయో ఊరికి తెలుసు. వాళ్లు బడికి ఒంటరిగా నడవకూడదు. ఫొటోలు తీసి పేరూ ఊరూ పెట్టి ఇక్కడి దాతలకు పంపావంటే నేనే తిడతాను.

చెవిటి పిల్లలకు ఇక్కడ నేర్చుకున్న సంజ్ఞలు నేర్పకు. మలావీ సంజ్ఞ భాష వేరు. ప్రత్యేక విద్య టీచర్లకు లింబే పట్టణం దగ్గరి మాంట్‌ఫోర్ట్ కాలేజీ శిక్షణ ఇస్తుంది. మీ జిల్లాలో అక్కడ చదివినవాళ్లు ఎవరున్నారో విద్యాశాఖ ఆఫీసులో అడుగు.

సంచిలో కొలత టేపులు రెండు, స్పానర్ల సెట్టు, పంక్చరు అతుకులు, చిన్న చెంచాలు ఒక డజను పెట్టుకో. పెళుసు ప్లాస్టిక్‌వి వద్దు, బిడ్డ కొరికితే విరిగి ముక్క గొంతులో పడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ