సిసిల్ బీటన్ ఫొటోగ్రాఫరా, డిజైనరా?

బ్రిటన్ రాణిగారి ఫొటోలు తీసిన సిసిల్ బీటనే సినిమాలకి బట్టలు కూడా ఎలా డిజైన్ చేశాడని అడిగారు. నాకైతే అవి రెండు వేర్వేరు పనుల్లా అనిపించవు. మా నాన్నగారిది తెనాలిలో ఫొటో స్టూడియో. నేను పెరిగింది అక్కడే. వెనక తెర దించడం, లైట్లు జరపడం, కొంగు సర్దడం, గడ్డం కాస్త దించమనడం, ఇవన్నీ అయ్యాకే నాన్నగారు కెమెరా దగ్గరికి వెళ్లేవారు.

బీటన్ 1904లో లండన్‌లో పుట్టాడు. ఆయా దగ్గరున్న కొడాక్ కెమెరాతో మొదలుపెట్టి, చెల్లెళ్లు నాన్సీ, బాబాలను కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాడు. వెనక వెండి రంగు బట్టలు, సెల్లోఫేన్, అద్దాలు పెట్టేవాడు. కేంబ్రిడ్జ్‌లో చదువు మీద కంటే నాటకాల మీదే ధ్యాస. డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. అంటే సెట్లూ కెమెరా చిన్నప్పటి నుంచే కలిసి నడిచాయి.

1953 జూన్ 2న, పట్టాభిషేకం రోజున రెండో ఎలిజబెత్ రాణికి తీసిన ఫొటో చూసే ఉంటారు. వెనక కనిపించే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ, అంటే పట్టాభిషేకం జరిగిన చర్చి, నిజం కాదు, గీసిన తెర. ఫొటో తీసింది బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే సంబరమేసింది. మా స్టూడియోలో తాజ్‌మహల్ తెర ఉండేది మరి!

టచప్‌లో మాత్రం ఆయన మా నాన్నగారిని మించిపోయాడు. నడుములు సన్నం చేయించడానికి ఏమాత్రం మొహమాటపడేవాడు కాదు. మా నాన్నగారు నెగటివ్ మీద పెన్సిల్‌తో మచ్చలు కప్పేసి ఆగిపోయేవారు. పెళ్లిచూపులకి పంపే ఫొటోలు కదా, తర్వాత గొడవలొస్తాయని భయం.

ఒక మరక కూడా చెప్పాలి. 1938లో అమెరికన్ ఫ్యాషన్ పత్రిక ‘వోగ్’కి వేసిన బొమ్మ అంచుల్లో, చిన్న అక్షరాలతో, యూదులను కించపరిచే మాట రాశాడు. ఆ పని ఊడింది. చిలిపితనమని కొట్టిపారేసేది కాదది. అయినా మరుసటి ఏడాదే ఇప్పటి చార్లెస్ రాజుగారి అమ్మమ్మ, అప్పటి రాణి, ప్యాలెస్‌కి పిలిపించి ఫొటోలు తీయించుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వం కోసం పనిచేశాడు. 1944లో మన దేశంలోనూ ఫొటోలు తీశాడు. 1940లో బాంబు దాడిలో గాయపడిన మూడేళ్ల ఐలీన్ డన్ ఫొటో ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రమైంది. ఆసుపత్రి మంచం, తలకి కట్టు, చేతిలో బొమ్మ, అంతే. తెరలూ తళుకులూ లేవు. నా లెక్కలో ఆయన తీసిన వాటిలో గొప్ప ఫొటో అదే.

ఇక సినిమాలు. ‘జిజీ’కి దుస్తులకి ఒకటి, ‘మై ఫెయిర్ లేడీ’కి దుస్తులకీ కళా దర్శకత్వానికీ రెండు, మొత్తం మూడు ఆస్కార్లు. కెమెరా పట్టినందుకు ఒక్కటీ రాలేదు. రెండో సినిమాలో గుర్రప్పందేల సీను చూడండి. నలుపు, తెలుపు, బూడిద రంగు బట్టల్లో అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడినట్టే ఉంటారు. ఆ వెంటనే ఆయన చెల్లెళ్ల పాత ఫొటోలు చూస్తే, మీ ప్రశ్నకి జవాబు నాకంటే అవే బాగా చెప్తాయి.