వ్యాపారం మెయిళ్లు స్పామ్‌లో పడకుండా కస్టమర్లకు చేరాలంటే ఏం చేయాలి?

మీరు అడిగినవి రెండు. కస్టమర్లకు పంపే మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి, ఏం చేయాలి? ఎవరో లక్ష మెయిల్ ఐడీల లిస్టు తక్కువకే ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? రెండో దానికి జవాబు ముందే చెప్పేస్తాను. తీసుకోవద్దు. ఊరికే ఇచ్చినా వద్దు.

నేను కడియంలో ఒక నర్సరీకి ఆర్డర్లు, మెయిళ్లు చూసుకుంటాను. మా దగ్గర మొక్కలు కొనేవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్, బెంగళూరు ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు, రిసార్టుల వాళ్లు, బిల్డర్లు. ఫొటోలు, బేరాలు వాట్సాప్‌లో నడిచినా కంపెనీల పర్చేజ్ వాళ్లకు కొటేషన్ మాత్రం మెయిల్‌లోనే కావాలి. అది స్పామ్‌లో పడిందంటే లోడు వేరే నర్సరీ నుంచి వెళ్లిపోతుంది.

సబ్జెక్టులో ‘ఫ్రీ’, ‘ఆఫర్’ అని రాస్తే స్పామ్‌లోకి పోతుందని చాలామంది అనుకుంటారు. మాటల ప్రభావం కొంత ఉంటుంది కానీ, అంతకన్నా బరువైనది మెయిల్ అందుకున్నవాళ్లు ఏం చేశారన్నది. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కితే మీ డొమైన్‌కు, అంటే మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే భాగానికి, చెడ్డపేరు వస్తుంది. తిరిగి జవాబు రాస్తే, స్పామ్‌లోంచి తీసి ‘నాట్ స్పామ్’ నొక్కితే ఆ పేరు బాగుపడుతుంది. 2024 ఫిబ్రవరిలో జీమెయిల్, యాహూ బల్క్ మెయిళ్లకు (ఒకేసారి చాలామందికి పంపేవాటికి) నిబంధనలు కఠినం చేశాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. అంటే ఇన్‌బాక్స్‌కు చేరిన వెయ్యి మెయిళ్లలో ముగ్గురు విసుక్కుని ఆ బటన్ నొక్కితే చాలు, గీత దగ్గరికి వచ్చేసినట్టే. మీ పేరే వినని లక్షమందికి పంపితే ఆ ముగ్గురు దొరకడానికి ఎంతసేపు పడుతుంది? పైగా అలాంటి లిస్టుల్లో ఎవరూ వాడని పాత ఐడీలు ఉంటాయి. వాటిలో కొన్నింటిని స్పామర్లను పట్టుకోవడానికే వలలా ఉంచుతారు. వాటికి మెయిల్ వెళ్తే, స్పామ్ పంపేవాళ్ల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ లాంటి వాళ్ల బ్లాక్‌లిస్టుల్లోకి మీరు ఎక్కే ప్రమాదం ఉంది. అప్పుడు బల్క్ మెయిళ్లతోపాటు మామూలు కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు కూడా ఆగిపోతాయి.

ఇక టెక్నికల్ సంగతి. వ్యాపారానికి సొంత డొమైన్ కొనండి. మామూలు జీమెయిల్ ఐడీ నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేరు. బీసీసీలో (ఒకరి ఐడీ మరొకరికి కనపడని గడిలో) వందల ఐడీలు పెట్టి కొట్టడం అసలే వద్దు. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగ్స్‌లో (డొమైన్ వివరాలు అందరికీ చెప్పే చోటు) మూడు రికార్డులు పెట్టాలి. మీ పేరుతో ఏయే సర్వర్లు మెయిల్ పంపవచ్చో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. మెయిల్ మీ డొమైన్ నుంచే వచ్చిందని, దారిలో ఎవరూ మార్చలేదని డీకిమ్ సంతకం రుజువు చేస్తుంది. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. ఇదంతా వింటే టెన్షన్ వస్తుంది కానీ, మీరు వాడే మెయిల్ సర్వీసు వాళ్లే ఆ లైన్లు ఇస్తారు. కాపీ చేసి పెట్టడమే. తర్వాత మీ జీమెయిల్‌కే ఒక మెయిల్ పంపుకొని కంప్యూటర్‌లో తెరవండి. పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూడండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా ‘పాస్’ అని ఉండాలి. ఏ ఒక్కటి ‘ఫెయిల్’ అని ఉన్నా అది సరయ్యేదాకా బల్క్ మెయిల్ జోలికి వెళ్లకండి.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు దాచకండి. పోయేవాళ్లకు దారి కనపడకపోతే స్పామ్ బటనే నొక్కుతారు. రోజుకు జీమెయిల్ ఖాతాలకు 5,000 పైగా పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్కుతో తప్పుకునే వీలు ఇవ్వాలి, రెండు రోజుల్లో పేరు తీసేయాలి. చిన్న వ్యాపారమైనా ఇదే పద్ధతి పెట్టుకోవడం మంచిది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది.

తెలుగులో రాసేవాళ్లు ఒక విషయం గమనించాలి. మెయిల్ కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించేస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతం గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలోనే ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. డిజైన్ టెంప్లేట్ కోడ్ బరువుకి ఇది తోడైతే అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకే కనిపించకుండా పోతుంది. అందుకే మేము టెంప్లేట్ సాదాగా ఉంచుతాం, ఆ లింకు పైన కూడా పెడతాం.

ఏం రాయాలన్నది మీకే బాగా తెలుస్తుంది, ఎందుకంటే కస్టమర్ ఫోన్లో అడిగేదే మెయిల్‌లో ఉండాలి. ‘పండగ బంపర్ ఆఫర్’ అని మేమెప్పుడూ పంపం. ‘ఫాక్స్‌టెయిల్ పామ్, 8 అడుగులవి, ఈ వారం లోడింగ్‌కు సిద్ధం’ అని సబ్జెక్టు పెడతాం. లోపల మొక్క ఎత్తు, బ్యాగు సైజు, ధర, ఒకే ఒక్క ఫొటో. ఎత్తు తెలియడానికి ఆ ఫొటోలో మొక్క పక్కన మనిషి ఉంటాడు. మండుటెండల్లో తగ్గిస్తాం, తొలకరి దగ్గరపడ్డాక కాస్త ఎక్కువగా పంపుతాం. రిసార్టుల వాళ్లకు పంపేది బిల్డర్లకు పంపం. ‘నో రిప్లై’ ఐడీ వాడం. ‘6 అడుగులవి ఉన్నాయా?’ అని వచ్చే ఒక్క జవాబు మాకు ఆర్డరూ తెస్తుంది, డొమైన్‌కి మంచి పేరూ తెస్తుంది. ఎంతమంది తెరిచారన్న లెక్కను మాత్రం నమ్ముకోకండి. 2021లో యాపిల్ తెచ్చిన ప్రైవసీ మార్పు వల్ల, ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, చదవని మెయిల్ కూడా తెరిచినట్టు నమోదవుతుంది. జవాబులు, ఆర్డర్లు లెక్కపెట్టండి.

మీ మెయిళ్లు ఇప్పటికే స్పామ్‌లో పడుతున్నాయి కాబట్టి కొన్నాళ్లు బల్క్ ఆపండి. మూడు రికార్డులూ సరిచేశాక, ఈ మధ్య మీ దగ్గర కొన్నవాళ్లకు, మీకు తిరిగి రాసేవాళ్లకు మాత్రమే పంపండి. బౌన్స్ అయిన (మెయిల్ చేరక తిరిగొచ్చిన) ఐడీలు వెంటనే తీసేయండి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ ఉచితమే, అందులో డొమైన్ చేర్చుకుంటే ఫిర్యాదుల శాతం కనిపిస్తుంది. తక్కువ మెయిళ్లు పంపేవాళ్లకు అక్కడ ఖాళీగా కనిపించవచ్చు, కంగారు పడొద్దు. ‘షో ఒరిజినల్’లో ఏ లైను దగ్గర ‘ఫెయిల్’ వస్తోందో కామెంట్లో రాయండి. డొమైన్ ఎక్కడ కొన్నారో, మెయిళ్లు ఏ సర్వీసుతో పంపుతున్నారో కూడా చెబితే ఎక్కడ సరిచేయాలో చూసి చెబుతాను.