‘దగ్గరికొస్తే మంట... ఇష్టం పోయిందనుకుంటున్నారు’

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లె. ఏడేళ్ల కిందట బ్లీడింగ్ ఆగడం లేదని గర్భసంచి తీసేశారు. రెండేళ్లుగా మావారు దగ్గరికొస్తే లోపల కోసినట్టు మంట. వద్దంటే ఆయన మీద ఇష్టం పోయిందనుకుని వరండాలో మంచం వేసుకుంటున్నారు. మా వదినతో చెబితే, ‘అమ్మాయి పురిటికొచ్చింది, నీకింకా ఈ ఆలోచనలేంటి’ అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నాకు షుగర్ కూడా ఉంది. ఇక ఇంతేనా డాక్టరుగారూ?

జవాబు: ఇంతే కాదమ్మా. మీ వదినగారి మాట మనసులోంచి తీసేయండి. అమ్మమ్మ కాబోతున్నంత మాత్రాన భర్త పక్కన పడుకోవాలనుకోవడం తప్పైపోదు. మీకు ఇష్టం పోలేదు, నొప్పంటే భయం పట్టుకుంది.

ముందు ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతకండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది అందులో ఉంటుంది. మొన్న నా ఓపీకి వచ్చిన ఒకావిడ ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పన్నెండేళ్లు దాచుకుంది. మడతల దగ్గర చిరిగిపోయింది. రెండు అండాశయాలూ తీసేసినట్టు ఇంగ్లిష్‌లో రాసి ఉంది. నేను చదివి చెప్పేదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చూస్తే గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం మన రెండు రాష్ట్రాల్లో దేశ సగటుకు రెండింతలు దాటింది. ఆపరేషన్ తర్వాత ఒంట్లో ఏం మారుతుందో కూర్చోబెట్టి చెప్పే డాక్టర్లు మాత్రం తక్కువ. అది మా తప్పే.

అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉంచినా కొందరిలో అవి కాస్త ముందే పనిచేయడం మానేస్తాయి. ఆ హార్మోన్ తగ్గితే యోని లోపలి పొర పలచబడి తడి ఆరిపోతుంది. మంట అందుకే. షుగర్ అదుపులో లేకపోతే ఫంగస్ ఇన్ఫెక్షన్ కూడా తోడవుతుంది. కాబట్టి మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకుని, గైనకాలజిస్టుకు చూపించుకోండి. పొడిబారడమే కారణమైతే లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ ఇస్తారు. సాధారణంగా మొదటి రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి. కలిసేటప్పుడు మెడికల్ షాపులో దొరికే, నీటితో చేసిన లూబ్రికెంట్ జెల్ వాడండి. సబ్బుతో, యాంటిసెప్టిక్ నీళ్లతో లోపల కడగొద్దు, పొర ఇంకా ఎండిపోతుంది. అండాశయాలు తీసేశారని తేలితే ఎముకల బలం గురించి, హార్మోన్ మాత్రలు మీకు అవసరమా అన్నదీ అడగండి.

ఇక మీవారి సంగతి. అమ్మాయి పురిటికొచ్చి ఉన్న ఇంట్లో మాటకు చోటు దొరకదు, నిజమే. సాయంత్రం ఇద్దరూ పొలం గట్టుకో గుడికో వెళ్తూ, ‘నువ్వంటే ఇష్టం పోలేదు, లోపల మంటగా ఉంటోంది, మందు వాడుతున్నాను’ అని మూడు ముక్కలు చెప్పండి. తగ్గేదాకా పక్కపక్కన పడుకుంటే చాలు. ఆయనకూ షుగరో బీపీయో ఉంటే ఆయన వైపూ ఇబ్బంది ఉండొచ్చు. వరండా మంచానికి అదీ ఒక కారణం కావచ్చు. కోప్పడకుండా అడగండి.

డాక్టరు ఎదుట నోరు రాకపోతే ‘కలిసినప్పుడు మంట, రెండేళ్లుగా’ అని చీటీ మీద రాసి, డిశ్చార్జి కాగితంతో కలిపి చేతికివ్వండి. నా దగ్గరికి అలాంటి చీటీలు చాలా వస్తాయి.