హృదయం గుర్తు చూసి వాయ్‌సీ అనుకోవద్దు

మీ ఓక్ రైటింగ్ క్యాబినెట్ తలుపు బందుల మీద హృదయం ఆకారం ఉంది కాబట్టి అది ఇంగ్లండ్ ఆర్కిటెక్టు, ఫర్నిచర్ డిజైనర్ వాయ్‌సీ డిజైనేనని అమ్మే ఆయన అంటున్నాడన్నారు కదా, ఆ ఒక్క గుర్తుతో తేల్చలేమండీ. 1900 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఆ ఆకారాన్ని చాలామంది వాడేశారు. వాయ్‌సీకి ఓక్‌ని రంగూ పాలిషూ లేకుండా వదిలేయడమే ఇష్టం, మీ ఫొటోలో చూస్తే ముదురు రంగు, పైగా పూల పొదుగుడు పని, అది ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరి ఫర్నిచర్ కంపెనీ షాప్‌లాండ్ అండ్ పెటర్ తరహాకి దగ్గర. సొరుగు లాగి తాళం ప్లేటు మీద ఎస్, పి, బి అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే తయారీదారు దాదాపు దొరికినట్టే, డిజైనర్ పేరు చెప్పాలంటే మాత్రం పాత కేటలాగ్ బొమ్మో అసలు డ్రాయింగో సరిపోలాలి. లిబర్టీ లేబుల్ కనిపించినా సంబరపడొద్దు, అది అమ్మిన షాపు పేరు, బయట చేయించిన సరుకు కూడా వాళ్లు అమ్మేవారు. ఈలోగా వాయ్‌సీ రేటు మాత్రం ఇవ్వకండి.