గాజువాకలో క్లినిక్ పెడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు గాజువాకలో క్లినిక్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పక్కింటాయనకి ఇప్పటికి మూడుసార్లు చెప్పుకున్నాను. ముందు గదిలో మెడికల్ షాపు పెట్టే అతను నీ అద్దెలో సగం కడతానన్నాడని కూడా చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బోర్డు, రిజిస్ట్రేషన్, ఇన్వర్టర్ సంగతి నీకు తెలుసు. మందుల్ని జెనరిక్ పేరుతో, అంటే బ్రాండు పేరు కాక మందు అసలు పేరుతో, అర్థమయ్యేలా రాయమని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. నీ చేతిరాత మీ నాన్న పోలిక, పెద్ద అక్షరాల్లో రాయి.

1998లో కంచరపాలెంలో నా దగ్గరికి ఒక కళాసీ వచ్చేవాడు. బీపీకి రోజుకో అటెనోలాల్ వేసుకునేవాడు. ఒకసారి బీపీ కాస్త ఎక్కువుంది. చవకైన బిళ్ళ ఇంకొకటి కలిపితే సరిపోయేది. కానీ అంతకుముందు వారమే ఒక మందుల కంపెనీ రెప్ వచ్చి రెండు మందులు కలిపిన కొత్త బ్రాండు గురించి చెప్పి, గోడ గడియారం ఇచ్చి వెళ్ళాడు. (ఇప్పుడలాంటి కానుకలు కూడదని మందుల కంపెనీలకి పెట్టిన 2024 నిబంధనల్లో ఉంది. అప్పుడు మాకది మర్యాద.) ఆ గడియారం కిందే కూర్చుని ఆ బ్రాండే రాశాను. ధర పాతదానికి నాలుగింతలు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మూడు నెలలకి భార్య రిక్షాలో తీసుకొచ్చింది. మూతి వంకర పోయింది, కుడిచెయ్యి లేవడం లేదు. "మందులు మానేశాడా?" అని ఆమె మీద అరిచాను. కొంగుముడి విప్పి, కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్క చూపించింది. అందులో రెండు బిళ్ళలున్నాయి.

"మానీలేదు బాబూ. రోజిడిసి రోజేసుకున్నాడు. మీ మందు మంచిదే, మాకే సరిపోలేదు."

పెద్దాసుపత్రికి, అదే కేజీహెచ్‌కి పంపాను. బతికాడు, మళ్ళీ మూట ఎత్తలేదు.

నువ్వూ కేజీహెచ్‌లోనే చదివావు. అక్కడ మందులు ఉచితంగా ఇస్తారు కనుక ధర నీ కంటపడి ఉండదు. అందుకే ఈ పోరు. చీటీ రాసేముందు "పోయిన నెల ఎన్ని బిళ్ళలు కొన్నారు?" అని అడుగు, స్ట్రిప్ తెచ్చి చూపించమను. ప్రతి చీటీకీ అలవాటుగా గ్యాస్ బిళ్ళ, విటమిన్ తగిలించకు. జలుబుకి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ తిడతాను. ధరల నియంత్రణ జాబితాలో లేని మందు రేటును కంపెనీ ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు, కాబట్టి నువ్వెప్పుడూ రాసే మందుల ధరలు ఆర్నెల్లకోసారి చూసుకో. ఎవరైనా చవగ్గా జెనరిక్ మందులమ్మే జనఔషధి షాపులో కొనుక్కుంటామంటే మొహం మాడ్చకు. ఖరీదైన మందు నిజంగా కావాలంటే మాత్రం వెనకాడకుండా రాయి, ఎందుకో చెప్పి, మిగతా వాటిలో కొట్టెయ్యగలిగినవి కొట్టెయ్యి.

ఇక ఆ సగం అద్దె. అతను ఇంట్లోంచి తెచ్చి కడతాడా? నీ చీటీల్లోంచే కదా రాబట్టుకునేది! డబ్బు చాలకపోతే నన్నడుగు, పెన్షన్ వస్తోంది. ఇది మీ అమ్మకి చెప్పకు.

ప్రారంభానికి పొద్దున్నే వస్తాం. మీ అత్తయ్య మాడుగుల హల్వా తెప్పిస్తోంది. రెప్‌లు వస్తే వాళ్ళకీ ఒక ముక్క పెట్టు, ఎండలో తిరిగే పిల్లలు.

మీ మావయ్య