కడుపులో బిడ్డ కదలికలు తగ్గాయా? చెకప్ తేదీ దాకా ఆగొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. తొలి కాన్పు. ఇప్పుడు 35 వారాలు. సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చాను, మావారు హైదరాబాద్‌లో ఉంటారు. ఇన్నాళ్లూ రాత్రి అన్నం తిని పడుకోగానే బిడ్డ గట్టిగా తన్నేది. మొన్నటి నుంచి ఆ తన్నులు బాగా తగ్గాయి. ఎప్పుడో ఒకసారి దొర్లినట్టు అనిపిస్తోంది, అంతే. అమ్మను అడిగితే ‘తొమ్మిదో నెల పడ్డాక లోపల చోటు చాలదే, మామూలే’ అంటోంది. అత్తయ్యగారు ఫోన్‌లో చల్లటి జ్యూస్ తాగి చూడమన్నారు. తాగితే ఒకసారి కదిలింది. వచ్చే చెకప్ ఇంకా ఐదు రోజులుంది. అప్పటిదాకా ఆగొచ్చా? ఊరికే భయపడి వెళ్తే డాక్టరమ్మ కోప్పడతారేమోనని కూడా ఉంది.
– ఓ పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ఆగకూడదమ్మా. ఐదు రోజులు కాదు, ఒక రాత్రి కూడా ఆగకూడదు.

ఈ శీర్షికకు వచ్చే ప్రశ్న నా దగ్గరికి చేరి, నేను జవాబు రాసి, అది మీరు చదివేసరికి వారం దాటుతుంది. అందుకే మీ ప్రశ్న చూసిన వెంటనే డెస్క్ వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. మీరు ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లారు. బిడ్డ గుండె చప్పుడు బాగుంది. ఉమ్మనీరు మాత్రం 7 సెంటీమీటర్లే ఉందని స్కానింగ్‌లో తేలింది. 8 కంటే తగ్గితే మేం ‘కాస్త తక్కువ’ అంటాం, 5 కంటే తగ్గితే నిజంగా తక్కువే. వారానికి రెండుసార్లు వచ్చి పరీక్ష చేయించుకోమన్నారట. మీరు సరేనన్నారు కాబట్టి ఈ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇదే అనుమానంతో ఇంట్లో కూర్చున్న వాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఇది చదువుతుంటే, మిగతాది ఆసుపత్రికి వెళ్లే దారిలో చదువుకోవచ్చు.

ముందు మీ అమ్మగారి మాట సంగతి చూద్దాం. ‘చోటు చాలదు’ అన్నది పూర్తిగా తప్పు కాదు, సగం నిజం. ఆ సగం నిజంతోనే చిక్కు. నెలలు నిండే కొద్దీ కదలిక తీరు మారుతుంది. ఏడో నెలలో చటుక్కున తన్నే బిడ్డ, తొమ్మిదో నెలకు దొర్లడం, ఒత్తడం, మోచేత్తో పొడిచినట్టు ఓ పక్కకు జరగడం చేస్తుంది. కానీ ఎన్నిసార్లు కదులుతోంది అన్నది తగ్గకూడదు. తొలి కాన్పులో 18–20 వారాలకు కదలికలు తెలియడం మొదలవుతుంది. అవి 32 వారాల దాకా పెరుగుతూ పోతాయి, అక్కడి నుంచి కాన్పు దాకా దాదాపు అదే స్థాయిలో ఉంటాయి. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది. ‘కిందికి దిగింది కాబట్టి కదలడం లేదు’ అనే మాట నేను ఇన్నేళ్లుగా లేబర్ రూమ్ బయట వరండాలో వింటూనే ఉన్నాను. చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. వినేవాళ్లు ఆగిపోతారు.

కదలికలు ఎందుకంత ముఖ్యమో తెలిస్తే ఆగబుద్ధి కాదు. రాబడి తగ్గిన ఇంట్లో ముందు సినిమాలు మానేస్తారు, తర్వాత పండగ బట్టలు తగ్గిస్తారు, బియ్యం మాత్రం చివరిదాకా కొంటారు. కడుపులో బిడ్డ కూడా అంతే. మాయ నుంచి అందే రక్తం, ఆక్సిజన్ తగ్గితే ఉన్నదాన్ని గుండెకూ మెదడుకూ మళ్లించుకుని, కాళ్లూ చేతులూ ఆడించడం తగ్గిస్తుంది. అంటే కదలికలు తగ్గడం చాలాసార్లు ముందు దశలో కనిపించే గుర్తు. గుండె చప్పుడులో తేడా ఆ తర్వాత వస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో కొనుక్కునే చిన్న డాప్లర్ మిషన్లను నమ్ముకోవద్దంటాను. అందులో వినిపించేది మీ నాడి కావచ్చు, మాయలో రక్తం పారే చప్పుడు కావచ్చు. నిజంగా బిడ్డ గుండెదే అయినా, కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ బాగున్నట్టు కాదు.

జ్యూస్ సంగతి. చల్లనిదో తీపిదో తాగి చూడమనడం మన ఇళ్లలోనే కాదు, కొన్ని క్లినిక్‌లలోనూ ఉంది. తాగడం వల్ల కీడు లేదు. తాగాక ఒకసారి కదిలితే ‘హమ్మయ్య’ అని పడుకోవడంలోనే కీడంతా ఉంది. రెండు రోజులుగా తగ్గిన కదలికలకు ఒక్క తన్ను జవాబు కాదు.

మరి ఎన్నిసార్లు కదిలితే సరి? మన దగ్గర ఎక్కువ మంది డాక్టర్లు చెప్పే లెక్క ఇది: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి భోజనం అయ్యాక ఎడమ పక్కకు తిరిగి గంట పడుకుని లెక్కపెట్టాలి, ప్రతి గంటలో కనీసం 3 ఉండాలి. మొత్తం 12 గంటల్లో 10 కంటే తగ్గకూడదన్నది పాత లెక్క. నిజం చెప్పాలంటే ఆ 12 గంటల లెక్క నాకు నచ్చదు. లెక్క పూర్తయ్యేసరికి చీకటి పడుతుంది, ఇంట్లోవాళ్లు ‘ఇక రేపు చూద్దాంలే’ అంటారు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల సంఘం ఇచ్చిన సూచన ఇంకాస్త సూటిగా ఉంటుంది: 28 వారాలు దాటాక అనుమానంగా ఉంటే ఎడమ పక్కకు పడుకుని, వేరే పనేదీ పెట్టుకోకుండా 2 గంటలు కదలికల మీదే దృష్టి పెట్టాలి. 10 కూడా రాకపోతే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తన్ను, దొర్లడం, సర్రున జరగడం, ఏదైనా ఒకటిగా లెక్కించండి. లయగా టిక్కు టిక్కుమని వచ్చే ఎక్కిళ్లను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

అయితే ఈ అంకెలన్నీ అనుమానంగా ఉన్నవాళ్లకే. ‘తగ్గింది’ అని మీకు స్పష్టంగా తెలిసినప్పుడు కూర్చుని వేళ్లు మడవడం దండగ. కొందరు పిల్లలు సహజంగానే హుషారు, కొందరు నెమ్మది. పక్కింటి కోడలి బిడ్డతో పోల్చినా, ఫోన్‌లో యాప్ చెప్పిన అంకెతో పోల్చినా ఉపయోగం లేదు. మీరే రాశారు కదా, రాత్రి అన్నం తిని పడుకోగానే తన్నేదని. మీ బిడ్డకున్న అలవాటు అది. అది తప్పిందని అందరికంటే ముందు మీకే తెలిసింది. నేను ఏ మిషన్ పెట్టినా ఆ సంగతి అది చెప్పదు.

కదలికలు తెలియకపోవడానికి ప్రమాదం లేని కారణాలూ ఉంటాయి. బిడ్డ ఒక్కో విడత 20 నుంచి 40 నిమిషాలు నిద్రపోతుంది, ఆ నిద్ర 90 నిమిషాలు దాటడం అరుదు. మీరు నడుస్తూ, పని చేస్తూ ఉంటే కదిలినా మీ ధ్యాస అటు పోదు. మాయ ముందు వైపు అతుక్కుని ఉంటే మధ్యలో దిండు పెట్టినట్టు ఉండి, ముఖ్యంగా 28 వారాల లోపు, కదలికలు మెత్తగా తెలుస్తాయి. నిద్రమాత్రలు, కొన్ని రకాల నొప్పి మందులు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా తాత్కాలికంగా తగ్గించొచ్చు. ఇవతలి పక్కన ఉమ్మనీరు తగ్గడం, బిడ్డ సరిగా ఎదగకపోవడం, తల్లికి బీపీ, షుగర్, రక్తహీనత, మాయ ముందే ఊడటం ఉన్నాయి. మీది ఏ పక్కదో ఇంట్లో కూర్చుని మీరు తేల్చలేరు. పరీక్ష చేయకుండా నేనూ తేల్చలేను. ‘మాయ ముందు ఉందన్నారు, అందుకే’ అని సరిపెట్టుకున్న వాళ్లను చూశాను. మాయ నిన్నా అక్కడే ఉంది కదా, కదలికలు ఇవాళే ఎందుకు తగ్గాయి?

ఆసుపత్రిలో జరిగేది పెద్ద తతంగమేమీ కాదు. ముందు బిడ్డ గుండె చప్పుడు వింటారు. మీ బీపీ చూస్తారు, మూత్రంలో ప్రొటీన్ ఉందేమో చూస్తారు, పొట్టను టేపుతో కొలుస్తారు. తర్వాత పొట్టకు రెండు బెల్టులు కట్టి కనీసం 20 నిమిషాలు ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీసే పరీక్ష) తీస్తారు. ఆ సమయంలో బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాలు పట్టొచ్చు, కంగారు పడొద్దు. గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటూ, మధ్యమధ్యలో వేగం పుంజుకుంటుంటే మాకు ధైర్యం. ఆపైన స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు, బొడ్డుతాడులో రక్తం పారే తీరు చూస్తారు. ఈ రెండూ వేర్వేరు కబుర్లు చెబుతాయి. ఎన్‌ఎస్‌టీ ఈ గంటలో బిడ్డ ఎలా ఉందో చెబుతుంది, గడిచిన కొన్ని వారాలు ఎలా గడిచాయో స్కానింగ్ చెబుతుంది. మీ విషయంలో ఎన్‌ఎస్‌టీ ఒక్కటే తీసి పంపేసి ఉంటే ఉమ్మనీరు సంగతి తెలిసేది కాదు. ఎన్‌ఎస్‌టీ మిషన్ ప్రతి పీహెచ్‌సీలో ఉండదు కాబట్టి ఇరవై నాలుగు గంటలూ కాన్పులు చేసే ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో, మీరు చూపించుకునే నర్సింగ్‌హోమ్‌కో నేరుగా వెళ్లడం మేలు.

ఒక్కసారి కదలికలు తగ్గాయని వచ్చినవాళ్లలో 70 శాతం మందికి ఏ ఇబ్బందీ ఉండదు. వెళ్తే వెంటనే కడుపు కోసేస్తారనే భయం కొందరిది. పరీక్షలన్నీ బాగుంటే ఇంటికి పంపిస్తారు. దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. ‘భయంగా ఉంది, ఇప్పుడే ఆపరేషన్ చేసేయండి’ అని పట్టుబట్టే కుటుంబాలూ ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కదలికల గురించి అందరికీ చెప్పి, తగ్గాయని వచ్చిన వాళ్లకు ఒకే పద్ధతిలో చికిత్స చేస్తే కడుపులో బిడ్డ చనిపోవడం తగ్గుతుందా అని చూశారు. చెప్పుకోదగినంతగా తగ్గలేదు, నొప్పులు తెప్పించడం, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. కాబట్టి త్వరగా రావడం ఎంత అవసరమో, వచ్చాక కాన్పు ఎప్పుడన్నది డాక్టరుకు వదలడమూ అంతే అవసరం. 37 వారాలు నిండిన బిడ్డ విషయంలో తీసుకునే నిర్ణయం 35 వారాల బిడ్డకు పనికిరాదు.

కోప్పడతారేమో అన్నారు. కోప్పడేవాళ్లున్నారు, లేరని అబద్ధం చెప్పను. నైట్ డ్యూటీలో నలుగురు నొప్పులు పడుతున్నప్పుడు నేనూ విసుక్కున్న రోజులున్నాయి. అది మా తప్పు. ఒక చిన్న కిటుకు చెబుతాను. మనవాళ్లు చాలామంది లోపలికి రాగానే మొహమాటంతో ‘ఏం లేదు మేడమ్, ఒకసారి చూపించుకుందామని’ అంటారు. అంతే, ఓపీ చీటీ రాసి వరసలో కూర్చోబెడతారు. అలా అనొద్దు. మొదటి మాటే ‘35 వారాలు, మొన్నటి నుంచి బిడ్డ కదలికలు తగ్గాయి’ అనండి. ఆ మాట వింటే సిస్టర్ మిమ్మల్ని నేరుగా లేబర్ రూమ్ వైపు పంపాలి. పంపకపోతే మళ్లీ అనండి, కాస్త గట్టిగా.

‘మావారు హైదరాబాద్ నుంచి రావాలి, రేపు అమావాస్య, ఎల్లుండి మంగళవారం’ అంటూ ఆగొద్దు. సర్కారు ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు చేసేది మామూలు చెకప్ కోసం, దీనికి కాదు. వాహనం లేకపోతే 108. కదలికలతో పాటు రక్తస్రావం, నీరు పోవడం, పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి, విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే మరీ ఆలస్యం పనికిరాదు. అరచేతులు, అరికాళ్లు దురద పెడుతుంటే అదీ చెప్పండి, చాలామంది చెప్పరు. లండన్‌లోనో మరోచోటనో ఉండి, కదలికల గురించి ఇక్కడున్న అమ్మకు వాట్సాప్ కాల్ చేసే మన అమ్మాయిలకు ఒక మాట: ముందు మీ మెటర్నిటీ యూనిట్‌కు చేయండి, రాత్రయినా ఎత్తుతారు. అమ్మకు తర్వాత చేయొచ్చు.

ఇక మీకు. వారానికి రెండు పరీక్షలు తప్పించకండి. పడుకునేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి, మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు తెలిస్తే మళ్లీ తిరగండి, అంతే, దానికి బెంగ పెట్టుకోవద్దు. రెండు పరీక్షల మధ్యలో కదలికలు మళ్లీ తగ్గితే ‘మొన్నేగా బాగుందన్నారు’ అనుకోవద్దు. మొన్నటి ఎన్‌ఎస్‌టీ మొన్నటిదే. రెండోసారి తగ్గడాన్ని మేం మొదటిసారి కంటే ఎక్కువ పట్టించుకుంటాం, అందుకని ఆ రాత్రే వెళ్లండి. హైదరాబాద్‌లో తీసిన పాత స్కానింగులు మీవారి దగ్గరే ఉండిపోయి ఉంటే ఈ పూటే ఫొటోలు తీసి పంపమనండి. ఫైలు సంచిలో పెట్టి తలుపు పక్కన ఉంచండి, అన్నిటికంటే పైన చివరిగా తీసిన ఎన్‌ఎస్‌టీ కాగితం ఉండాలి.