బెంగళూరా, హైదరాబాదా, విశాఖా? ముందు మీ డబ్బు ఎన్ని పంటలకు సరిపోతుందో చూడండి

ప్రశ్న: నా వయసు 33. కొండాపూర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సొంతూరు భీమవరం. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచి, తగ్గగానే రైతు ఫోన్‌కు కబురు పంపే పరికరం, దానికో యాప్ తయారుచేశాను. ఉద్యోగం మానేసి కంపెనీ పెట్టాలని ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు 14 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 12 లక్షలు, పీఎఫ్ 8 లక్షలు ఉన్నాయి. అప్పుల్లేవు. ఇంటి ఖర్చు నెలకు 62 వేలు, మా ఆవిడ జీతం చేతికి 48 వేలు. పాప ఒకటో తరగతి. పెట్టుబడి దొరకాలంటే బెంగళూరు వెళ్లమని స్నేహితులు, డేటా సెంటర్లు వస్తున్నాయి కనుక విశాఖ మేలని మా బావ అంటున్నారు. ఏ ఊరు ఎంచుకోవాలి? - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు హైదరాబాద్‌లోనే ఉండండి, కంపెనీని భీమవరంలో రిజిస్టర్ చేయించండి, మొదటి ఏడాది ఆఫీసు తీసుకోకండి. ఎందుకో లెక్కతో చూద్దాం.

మీ 34 లక్షల్లో పీఎఫ్‌ను లెక్కలోంచి తీసేయండి. మిగిలిన 26 లక్షల్లోంచి పన్నెండు నెలల పూర్తి ఇంటి ఖర్చు, అంటే ఏడున్నర లక్షలు, మీ ఆవిడ పేరున వేరే ఖాతాలో పెట్టండి. ఆమె ఉద్యోగానికి ఏదైనా అయితే ఆదుకునేది అదే. ఆరోగ్య, టర్మ్ బీమాలకు అర లక్ష. ఆమె జీతం పోను ఇంటికి నెలకు 14 వేలు తగ్గుతోంది, రెండేళ్లకు 3.36 లక్షలు. ఇవన్నీ పోతే వ్యాపారానికి 14.6 లక్షలు. ఇరవై చెరువుల్లో పెట్టడానికి ఒక్కో పరికరం 15 వేల చొప్పున మూడు లక్షలు. చివరికి నెలనెలా ఖర్చు పెట్టుకోగలిగింది 11.6 లక్షలే. కింది నెలవారీ అంకెలు నా అంచనాలు. మీకు వచ్చిన కొటేషన్లు పెట్టి మళ్లీ వేసుకోండి, తేడాల తీరు మాత్రం మారదు.

బెంగళూరులో ఇద్దరు ఇంజనీర్లకు 1.2 లక్షలు, పలు కంపెనీలు పంచుకునే కోవర్కింగ్ ఆఫీసులో మూడు సీట్లకు 30 వేలు, భీమవరంలో ఒక మనిషికి 20 వేలు, రాకపోకలకు 20 వేలు, క్లౌడ్‌కూ సిమ్ కార్డులకూ 10 వేలు, సీఏకు 6 వేలు, ఇంటి అద్దెలో పెరిగే తేడా 15 వేలు. మొత్తం 2.21 లక్షలు. అక్కడ ఇంటికి ఐదారు నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలే. 35 వేల ఇంటికి రెండు లక్షల పైచిలుకు అందులోనే ఇరుక్కుంటుంది. సామాన్ల తరలింపు, పాప స్కూలు అడ్మిషన్ కలిపి ఇంకో లక్ష. అంటే 11.6లో మిగిలేది 8.5 లక్షలు. అది నాలుగు నెలలైనా రాదు, అదీ మీ ఆవిడ జీతం ఒక్క నెల కూడా ఆగకుండా ఉంటే. హైదరాబాద్‌లోనే ఇద్దరు ఇంజనీర్లను, మూడు సీట్లను పెట్టుకుంటే నెలకు 1.59 లక్షలు, ఏడు నెలలు నడుస్తుంది. ఇంట్లోంచే పనిచేస్తూ ఒక్క ఇంజనీరుకు 45 వేలు, భీమవరం మనిషికి 20 వేలు, ప్రయాణాలకు 12 వేలు, క్లౌడ్, సీఏలకు 16 వేలు పెడితే నెలకు 93 వేలు. పన్నెండు నెలలు దాటి వస్తుంది.

ఈ నెలల తేడా మీ వ్యాపారంలో చావుబతుకుల సమస్య. వనామీ రకం రొయ్య పంట మూడున్నర, నాలుగు నెలలు. రైతు చేతికి డబ్బొచ్చేది పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాకే, మీకిచ్చేదీ అప్పుడే. నాలుగు నెలల డబ్బుతో దిగితే మొదటి పట్టుబడి డబ్బు చేతికి రాకముందే ఖాతా ఖాళీ అవుతుంది. ఏడు నెలలుంటే ఒక్క పంట వసూలు చూస్తారు. ఏడాది ఉంటే రెండు పంటలు పూర్తిగా చూసి, మొదటి దాంట్లో తప్పిందేదో రెండో దాంట్లో సరిచేసుకోవచ్చు. పైగా రైతు ఖర్చు పెట్టే ధైర్యం కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీద పలికే ధరను బట్టి ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ చెరువు గట్టు దాకా వచ్చింది. అలాంటి పంటలో ఎవరూ కొత్త పరికరం కొనరు. ఆ పంట గడిచేదాకా ఓర్చుకునే డబ్బు మీ దగ్గరుండాలి.

మనిషి భీమవరంలోనే ఎందుకుండాలంటే, ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగితే నీటికి గాలి కలిపే ఏరేటర్లు వేయాలి, 3 లోపు పడితే రొయ్య మేత వదిలేస్తుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. సెన్సర్ మొనకు నాచు పడితే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మూడు గంటలకు ఫోన్ మోగి, రైతు పరుగెత్తి వెళ్లేసరికి చెరువు బాగానే ఉంటుంది. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి మీ పరికరం తీసి గట్టు మీద పడేస్తాడు. వారం వారం మొన తుడిచి, చేతిమీటరుతో సరిచూసే కుర్రాడు బండి మీద అరగంటలో చేరేంత దూరంలో ఉండాలి. కోడింగ్ ఏ ఊళ్లోనైనా చేసుకోవచ్చు, ఈ పని మాత్రం అక్కడే జరగాలి. మీరు కూడా వారానికోసారి వెళ్లి చెరువుల మీద తిరగాలి. లింగంపల్లి నుంచి భీమవరానికి రాత్రి రైలు ఉంది కాబట్టి కొండాపూర్‌లో ఉండే మీకు హోటల్ ఖర్చు లేకుండా అయిపోతుంది.

ఇక రిజిస్ట్రేషన్. అందరూ తేలిగ్గా తీసుకునేదీ, తర్వాత ఖరీదు కట్టేదీ ఇక్కడే. రిజిస్టర్డ్ ఆఫీసు ఒకే రాష్ట్రంలో మార్చడం సులువు. రాష్ట్రం దాటించాలంటే ప్రత్యేక తీర్మానం, పత్రికా ప్రకటనలు, అప్పులిచ్చినవారికి నోటీసులు, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ రీజినల్ డైరెక్టర్ ఆమోదం కావాలి. నెలలు పడుతుంది. మీ కొనుగోలుదారులంతా ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. కంపెనీ తెలంగాణలో ఉండి సరుకును ఆంధ్రకు అమ్మితే అది రాష్ట్రాంతర అమ్మకం, మొదటి పరికరం నుంచే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. భీమవరంలో ఉండి రాష్ట్రంలోనే అమ్మితే, పరికరంతో పాటు నెలవారీ సేవ కూడా ఉంది కనుక, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా అక్కర్లేదు. రైతుకు ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే వీలు, ఉండదు కాబట్టి మీరు వేసే 18 శాతం పన్ను నేరుగా అతని జేబులోంచే పోతుంది. మీరు కొనే విడిభాగాల మీద కట్టిన జీఎస్టీ మీకు తిరిగి రాదన్నది దీనికి రెండో వైపు. రెండూ లెక్కేసి సీఏతో మాట్లాడండి.

చిరునామాకు మీ నాన్నగారి ఇల్లు చాలు. ఆయన రాసిచ్చే అభ్యంతరం లేదన్న లేఖ, రెండు నెలలు దాటని కరెంటు బిల్లు కావాలి. పరికరాల నిల్వ మాత్రం ఆ ఇంట్లో పెట్టకండి, గృహ కనెక్షన్‌ను వాణిజ్య కేటగిరీకి మార్చే తలనొప్పి వస్తుంది. చిన్న గది అద్దెకు తీసుకోండి. ప్రైవేట్ లిమిటెడ్‌గానే పెట్టండి. వాటా మూలధనం లక్ష రూపాయలు ఖాతాలో వేసి, 180 రోజుల్లోగా వ్యాపార ప్రారంభ డిక్లరేషన్ దాఖలు చేయండి. మరిచిపోతే కంపెనీకి 50 వేల జరిమానా. ఆ లక్షకు మించి పెట్టే డబ్బును డైరెక్టర్‌గా మీరు కంపెనీకి ఇచ్చిన అప్పుగా చూపండి, అది మీరు వేరేచోట అప్పుతెచ్చిన సొమ్ము కాదని రాతపూర్వక ప్రకటన జతచేయండి. రేపు అమ్మకాలు వస్తే ఆ అసలును పన్ను లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు.

హైదరాబాద్‌ను వదలొద్దనడానికి మీ ఆవిడ జీతం, పాప స్కూలు మొదటి కారణం. రెండోది, మీది పరికరం. రాయదుర్గంలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ పక్కనే ఉన్న నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్‌లో సర్క్యూట్ బోర్డులు, నీళ్లు చొరబడని డబ్బాల నమూనాలు చేయించుకోవచ్చు. రాజేంద్రనగర్‌లో నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) నడిపే ఎ-ఐడియా, మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ) వ్యవసాయ, అనుబంధ రంగాల స్టార్టప్‌లతోనే పనిచేస్తాయి. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఆలోచన దశకు 5 లక్షలు, సీడ్ (తొలి పెట్టుబడి) దశకు 25 లక్షల దాకా గ్రాంటు వాటి వంటి కేంద్రాల ద్వారానే వస్తుంది. గ్రాంటు విడతలుగా, ఆలస్యంగా వస్తుంది కాబట్టి పై లెక్కలో దాన్ని కలపలేదు, మీరూ కలపకండి.

మీ బావగారి మాటకొస్తే, చెరువు నుంచి వచ్చే కొలతలు కొన్ని కిలోబైట్లు. వాటికి క్లౌడ్ ఎక్కడినుంచైనా అద్దెకు దొరుకుతుంది, డేటా సెంటర్ ఊళ్లో ఉన్నందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు. విశాఖలో మీకు పనికొచ్చేవాళ్లు రొయ్య ఎగుమతిదారులు. రెండు పంటల రికార్డు చేతిలో ఉంటే వాళ్లతో మాట్లాడొచ్చు. బెంగళూరు పెట్టుబడిదారులూ అంతే, అడిగేది ఎంతమంది రైతులు రెండో పంటకూ డబ్బు కట్టారని. ఆ జాబితా తయారయ్యాక నెలకు రెండ్రోజులు విమానంలో వెళ్లిరండి.

ఫండ్లు అమ్మడంలో ఒక చిన్న జాగ్రత్త. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్లపై ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మీ లాభం మూడున్నర లక్షలనుకుంటే, ఒకేసారి అమ్మితే పన్ను 28,125. సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో అమ్మితే 12,500. సెస్సు అదనం. ఏడాదిలోపు ఖర్చయ్యే డబ్బు షేర్లలో ఉండకూడదు గనుక ఎలాగూ అమ్మాల్సిందే.

రాజీనామాకు ముందు మూడు పనులు. కుటుంబానికి ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి, ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ రాదు, ఆఫీసు పాలసీ చివరి రోజుతో ఆగిపోతుంది. ఉద్యోగ ఒప్పందంలో మేధోహక్కుల నిబంధన చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసిన కోడ్ ఏదైనా ఉంటే సొంత యంత్రంలో మళ్లీ రాయండి. మూడోది, సెలవు పెట్టి ఐదు చెరువుల్లో పరికరం పెట్టి చూపించి, పదిమంది రైతుల దగ్గర తలా మూడు వేలు అడ్వాన్సు తీసుకోండి. పదిమంది ఇవ్వకపోతే రాజీనామా వాయిదా వేయండి. దిగిన తర్వాత వ్యాపార ఖాతా రెండున్నర లక్షలకు తగ్గిన రోజు, వసూళ్లు దారిలో ఉన్నాయనిపించినా సరే, ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. దొరకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లూ భీమవరం కుర్రాడి జీతం ఆగకూడదు.